పాత స్పోర్ట్స్ కారు – పెట్రోలు పొదుపు



పాత స్పోర్ట్స్ కారు, పెట్రోలు పొదుపు – ఈ రెండు మాటలూ పక్కపక్కన వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చు. సరదాకోసం ఉంచుకున్న బండికి లీటర్ల లెక్కలేమిటి, ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టు, అనుకోవచ్చు. కాని ఇటువంటి కార్లు ఉన్నవాళ్ళంతా కలిగినవాళ్ళు కారు. తాతగారు కొన్నది, తండ్రిగారు నడిపినది, అమ్మబుద్ధికాక షెడ్డులో ఉంచినది – అలాంటి బండ్లే ఎక్కువ. దాన్ని బయటికి తీసిన ప్రతిసారీ పెట్రోలు ముల్లు గబగబా కిందికి దిగుతుంది. "వయసైపోయింది, తాగుతుంది మరి" అని యజమాని సరిపెట్టుకుంటాడు. ఆ సరిపెట్టుకోవడం అక్కర్లేదని చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం. ఎక్కువ భాగం పెట్రోలు పోయేది బండి వయసువల్ల కాదు, బండిని పట్టించుకోకపోవడంవల్ల. ఆ సంగతి తెలియక పెట్రోలును బలవంతంగా తగ్గించబోతే మాత్రం పోయేది ఇంజనే.

ఒక కారును ఉదాహరణగా తీసుకుందాం. ఇంగ్లండులో కోవెంట్రీ నగరంలోని ట్రయంఫ్ కంపెనీవారు 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల కారును విడుదల చేశారు. 1980 వరకు అది తయారైంది. దానికి మూడేళ్ళ ముందు, 1959లో, అదే కంపెనీ హెరాల్డ్ అనే కుటుంబపు కారును తెచ్చింది. హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టిగా చేసి స్పిట్‌ఫైర్‌కు వాడారు. రెండింటికీ రూపం ఇచ్చినవాడు ఇటలీకి చెందిన మికెలొట్టి. ఆ హెరాల్డే 1961 నుండి మన మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారైంది. తమిళనాట, కర్ణాటకలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్ళకు ఆ కారు గుర్తుండే ఉంటుంది. ఇంజన్లు కూడా ఒకే వంశానివి. మద్రాసు హెరాల్డ్‌లో 948 సి.సి., తొలి స్పిట్‌ఫైర్‌లో 1147 సి.సి., చివరి స్పిట్‌ఫైర్‌లలో 1493 సి.సి. కాబట్టి కోవెంట్రీ స్పోర్ట్స్ కారు గురించి చెప్పే మాట మన షెడ్డులోని హెరాల్డ్‌కూ చెల్లుతుంది. కార్బురేటరుతో నడిచే ఏ పాత పెట్రోలు కారుకైనా చాలావరకు చెల్లుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. స్పిట్‌ఫైర్ బరువు సుమారు 700 కిలోలు. ఇంజను చిన్నది. స్పోర్ట్స్ కారు అంటే పెట్రోలు తాగే రాక్షసి అనుకోవడం ఇలాంటి తేలిక బండ్ల విషయంలో న్యాయం కాదు. సరిగా ఉన్నప్పుడు ఇవి పొదుపుగానే నడుస్తాయి. సరిగా ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడం ఎలా? ముందు కొలవాలి.

చాలామంది ముల్లు చూసి, లేకపోతే వెయ్యి రూపాయలు పోయించి ఎంత దూరం వచ్చిందో గుర్తుపెట్టుకుని మైలేజీ చెబుతారు. అది కొలత కాదు, ఊహ. ట్యాంకు నిండా పోయించండి. బంకులో గొట్టం తనంతట తాను ఆగిన చోటే ఆపించండి. మీటరు అంకె రాసుకోండి. మామూలుగా బండి నడిపి, మళ్ళీ అదే బంకులో అలాగే నింపించండి. రెండోసారి పట్టిన లీటర్లతో నడిచిన దూరాన్ని భాగిస్తే మైలేజీ వస్తుంది. ఒక్కసారితో నమ్మకండి. మూడు నాలుగు సార్లు చూసి సగటు తీయండి. అన్నట్టు, మీటరు నిజం చెబుతోందా? పాత స్పోర్ట్స్ కార్లకు చాలామంది వెడల్పు టైర్లు వేయిస్తారు. చక్రం ఎత్తు మారితే మీటరు తప్పు చూపిస్తుంది. హైవే మీద కిలోమీటరు రాళ్ళు చూసుకుంటూ 20 కిలోమీటర్లు నడిపితే తేడా తెలిసిపోతుంది.

మరొక చిక్కు ఇంగ్లీషు పుస్తకాలతో వస్తుంది. వాటిలో గ్యాలనుకు ఇన్ని మైళ్ళు అని ఉంటుంది. బ్రిటిష్ గ్యాలను అంటే 4.546 లీటర్లు, అమెరికా గ్యాలను 3.785 లీటర్లు. బ్రిటిష్ పుస్తకంలో 35 మైళ్ళు అంటే మన లెక్కలో లీటరుకు సుమారు 12.4 కిలోమీటర్లు. అదే 35 అమెరికా పుస్తకంలో ఉంటే దాదాపు 14.9 కిలోమీటర్లు. పుస్తకం ఏ దేశానిదో చూడకుండా, నా బండి రెండున్నర కిలోమీటర్లు తక్కువిస్తోందని మెకానిక్కు వెంటపడితే అతను మాత్రం ఏం చేస్తాడు?

సరే, కొలిచారు. తక్కువే వస్తోంది. అప్పుడు కూడా కార్బురేటరు మీద చేయి వేయకండి. ముందు ఖర్చులేని పనులు చూద్దాం.

మొదటిది మీ కుడికాలు. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డుకునే బలం వేగంతో సమానంగా కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 60 వేగం నుండి 80కి పోతే, గాలిని చీల్చడానికి ప్రతి కిలోమీటరుకూ పట్టే శ్రమ దాదాపు ముప్పాతిక వంతు పెరుగుతుంది. పైకప్పు తీసి నడిపితే ఇంకా ఎక్కువ. కొన్ని స్పిట్‌ఫైర్‌లకు ఓవర్‌డ్రైవ్ ఉంటుంది. అది వేస్తే బండి వేగం తగ్గకుండానే ఇంజను చుట్లు సుమారు ఐదోవంతు తగ్గుతాయి. ఉండి కూడా వైరు తెగి పనిచేయకపోతే దాన్ని బాగుచేయించడం మంచి పొదుపు.

రెండోది చక్రాలు. గాలి ఉదయంపూట, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి. ఆ తర్వాత బ్రేకులు. చదునైన చోట న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తోస్తే ఇంత తేలిక బండి సులువుగా కదలాలి. కదలకపోతే బ్రేకు ఎక్కడో పట్టేస్తోందన్నమాట. కొంత దూరం నడిపి ఆపి, చక్రాల దగ్గర చేయి పెట్టి వేడి చూడండి, తాకకండి. కుడి ఎడమల్లో ఒకటి మాత్రమే కాగిపోతుంటే దొంగ దొరికినట్టే.

మూడోది థర్మోస్టాట్. మన ఎండలకు ఇదెందుకని తీసి పారేసే అలవాటు మన షెడ్లలో ఉంది. ఇంజను సుమారు 80 డిగ్రీల వేడికి వచ్చాకే పెట్రోలు సరిగా ఆవిరై మండుతుంది. థర్మోస్టాట్ లేకపోతే ఇంజను ఆ వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ పెట్రోలు ఎక్కువ పోతుంది. మండని పెట్రోలు సిలిండరు గోడలమీది ఆయిలును కడిగేస్తుంది. ఇంజను వేడెక్కిపోతోందంటే తప్పు రేడియేటరులో వెతకాలి గాని థర్మోస్టాట్‌ను కాదు పీకేది.

ఇక నిప్పు సంగతి. పాయింట్ల గ్యాపు, ప్లగ్గులు, టైమింగు – వీటిని మెకానిక్కులు చూస్తారు. చాలామంది చూడనిది డిస్ట్రిబ్యూటరు పక్కన చిన్న డబ్బాలా ఉండే వాక్యూమ్ అడ్వాన్స్. యాక్సిలరేటరు తేలికగా నొక్కి నెమ్మదిగా పోతున్నప్పుడు అది నిప్పును కొంచెం ముందుగా వేయిస్తుంది. పొదుపు అంతా అక్కడే ఉంది. లోపలి రబ్బరు పొర చిరిగిపోతే బండి నడుస్తూనే ఉంటుంది, పెట్రోలు మాత్రం పోతుంటుంది. పరీక్ష సులువు. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, ఆ డబ్బా గొట్టాన్ని నోటితో పీల్చండి. లోపలి పళ్ళెం కదిలితే బాగున్నట్టు. కదలకపోతే కొత్తది వేయించాలి.

ఇవన్నీ అయ్యాక కార్బురేటరు. స్పిట్‌ఫైర్‌కు ఎస్.యు. కార్బురేటర్లు రెండుంటాయి. ముందు చోక్ కేబులు పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చూడండి. ఒక్కదానిలో జెట్ కిందనే ఉండిపోయినా పెట్రోలు ధారే. తర్వాత రెండూ సమానంగా గాలి పీలుస్తున్నాయా? దీనికి యంత్రమేమీ అక్కర్లేదు, రేడియో వినే చెవి చాలు. ఎయిర్ ఫిల్టర్లు తీసి, ఒక సన్నని రబ్బరు గొట్టం కొన చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొన ఒక్కొక్క కార్బురేటరు నోటి దగ్గర పెట్టండి. రెండింటి బుస ఒకేలా వినిపించాలి. ఆపై మిశ్రమం. కార్బురేటరు లోపలి పిస్టన్‌ను కింద ఉన్న చిన్న పిన్నుతో ఒక మిల్లీమీటరు మాత్రం లేపండి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ. పడిపోయి ఆగబోతే పెట్రోలు తక్కువ. కొంచెం పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిగా ఉన్నట్టు.

శ్రోతలారా, ఇక్కడే జాగ్రత్త. "ఇంకొంచెం బిగించు, ఇంకో రెండు కిలోమీటర్లు వస్తాయి" అని మెకానిక్కును ఒత్తిడి చేసేవాళ్ళున్నారు. వస్తాయి కూడా, కొన్నాళ్ళు. కాని పెట్రోలు తక్కువైన మిశ్రమంతో, బరువు లాగుతూ, ఘాటు ఎక్కుతూ నడిపితే లోపల వేడి పెరుగుతుంది. ఎగ్జాస్టు వాల్వులు అంచు కాలిపోతాయి, పిస్టన్ దెబ్బతినవచ్చు. కోవెంట్రీలో ఆ ఇంజను తయారీ ఏనాడో ఆగిపోయింది. హెడ్డు విప్పి కొత్త వాల్వులు తెప్పించి వేయించే ఖర్చుతో కొన్నేళ్ళ పెట్రోలు వస్తుంది. లీటరు మిగిల్చి ఇంజను పోగొట్టుకోవడం పొదుపు అనిపించుకోదు.

ఈ జాగ్రత్త ఇప్పుడు మరీ అవసరం. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం అంతటా వచ్చింది. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు. ఆ లెక్కన ఈ మిశ్రమంలో, కలపని పెట్రోలుకంటే దాదాపు 7 శాతం శక్తి తక్కువ. అంటే 12 కిలోమీటర్లిచ్చిన బండి 11 పైచిలుకు ఇస్తే అది బండి తప్పు కాదు, మెకానిక్కు తప్పూ కాదు. పైగా ఇథనాల్ మండటానికి గాలి తక్కువ చాలు. కార్బురేటరు ఆ సంగతి ఎరగదు, పాత లెక్కనే గాలి ఇస్తుంది. దాంతో మిశ్రమం తనంతట తానే పలచబడుతుంది. కాబట్టి పైన చెప్పిన పిన్ను పరీక్ష ఈ పెట్రోలుతోనే మళ్ళీ చేయించి, అవసరమైతే పెట్రోలు కొంచెం పెంచుకోవాలి, తగ్గించకూడదు.

ఇంకో ప్రమాదం ఉంది. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి, మెత్తబరిచి, పగిలేట్టు చేస్తుంది. పెట్రోలు గొట్టాలు, పంపులోని రబ్బరు పొర ఆ రకానివే. స్పిట్‌ఫైర్‌లోనూ హెరాల్డ్‌లోనూ కార్బురేటర్లకు సరిగ్గా కింద ఎగ్జాస్టు మానిఫోల్డు ఉంటుంది. పైనుంచి పెట్రోలు చుక్క పడితే పడేది నిప్పులాంటి ఇనుము మీద. కనుక బండి దగ్గర పెట్రోలు వాసన వస్తే మైలేజీ మాట పక్కనపెట్టి, ఇంజను ఆపి, ముందు గొట్టాలు చూడండి. ఇథనాల్‌కు తట్టుకునే కొత్త గొట్టాలు వేయించండి. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు. నెలల తరబడి షెడ్డులో ఉంచే బండి అయితే, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, పాత పెట్రోలు ట్యాంకులో నిలవ ఉంచకపోవడం మేలు.

చివరగా, సరిహద్దున ఉండే మనకు మాత్రమే ఉండే ఒక ప్రశ్న. రాష్ట్రాల పన్నులు వేరుకాబట్టి హద్దు దాటితే పెట్రోలు ధర మారుతుంది. యానాం చుట్టుపక్కలవాళ్ళకు, హోసూరు, బళ్ళారి వైపువాళ్ళకు ఇది నిత్యానుభవం. చౌకగా ఉన్నవైపు వెళ్ళి పోయించుకు రావడం లాభమేనా? లెక్కకోసం లీటరుకు 8 రూపాయలు తేడా, అటువైపు ధర 100 రూపాయలు, రానూ పోనూ 30 కిలోమీటర్లు, పోయించేది 30 లీటర్లు అనుకుందాం. మిగిలేది 240 రూపాయలు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే బండికి ఆ ప్రయాణానికి రెండు లీటర్లు, అంటే 200 రూపాయలు. 40 రూపాయలు మిగిలాయి. 12 ఇచ్చే బండికి 250. 10 రూపాయలు నష్టం. 8 మాత్రమే ఇచ్చే బండికి 375; నష్టం 135 రూపాయలు. చూశారా, లాభనష్టాలు తేల్చేది హద్దు అవతలి బంకు కాదు, మన బండి ఆరోగ్యమే. పనిమీద ఎలాగూ వెళ్తే పోయించుకోండి. దానికోసమే వెళ్ళేముందు ఈ లెక్క వేసుకోండి.

ఒక నోటుపుస్తకం బండిలో ఉంచండి. తేదీ, మీటరు అంకె, లీటర్లు – మూడు అంకెలు చాలు. మైలేజీ ఉన్నట్టుండి పడిపోయిన రోజున ఆ పుస్తకమే మీకు ముందుగా చెబుతుంది, ఎక్కడో బ్రేకు పట్టిందనో, పొర చిరిగిందనో, గొట్టం కారుతోందనో. అప్పుడు చిన్న ఖర్చుతో పోతుంది. పాత బండి తనకు కావలసింది నోటితో అడగలేదు. తాగే పెట్రోలుతోనే చెబుతుంది. వినిపించుకుంటే మరో తరానికి అందించవచ్చు.