కీబోర్డు కనపడకపోతే కంగారు పడొద్దు, ఫోను చేతులు మారనివ్వొద్దు

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘ నాయకురాలు చేసిన ప్రసంగ పాఠం)



నాకన్నా ముందు మాట్లాడిన అక్కలు బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి గురించి, పాడి గేదెల గురించి చెప్పారు. వాటి పక్కన నాకిచ్చిన విషయం చిన్నదిగా అనిపించొచ్చు. ఫోన్‌లో అక్షరాలు కొట్టే కీబోర్డు కనపడకుండా పోతే ఏం చేయాలి అన్నది నా విషయం. నేను పదో తరగతి వరకు చదువుకున్నాను. ఫోన్లు బాగుచేసే కోర్సు ఏదీ చేయలేదు. మా సంఘంలో, పక్క సంఘాల్లో ఈ ఇబ్బంది వచ్చిన ఫోన్లు చూసి, ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ నేర్చుకున్నవే ఇక్కడ చెబుతున్నాను.

ఇది ఎందుకు పట్టించుకోవాలో ముందు చెబుతాను. ఒకప్పుడు మన సంఘం పని అంతా తీర్మానాల పుస్తకంలో, పొదుపు పుస్తకంలో ఉండేది. పెన్ను ఉంటే చాలు. ఇప్పుడు సమావేశం కబురు వాట్సాప్‌లో వస్తుంది. సంఘం లెక్కలు యాప్‌లో ఎక్కుతున్నాయి. కరెంటు బిల్లు, గ్యాసు, పిల్లల ఫీజు, అన్నీ ఫోన్లోనే కడుతున్నాం. అలాంటప్పుడు కీబోర్డు రాకపోతే చేయి విరిగినట్టే ఉంటుంది. అప్పుడు మనలో చాలామంది చేసే మొదటి పని ఏంటి? దగ్గర్లో ఎవరుంటే వాళ్ల చేతిలో ఫోను పెట్టేస్తాం. "లాక్ నంబరు ఎంత అక్కా?" అని అడుగుతారు. చెప్పేస్తాం. "ఇది కూడా కొట్టాలి, పిన్ ఎంత?" అంటారు. అదీ చెప్పేస్తాం. బీరువా తాళం, బ్యాంకు పుస్తకం రెండూ కలిపి ఇచ్చినట్టే కదా అది. ఇచ్చినవాళ్లు మంచివాళ్లే కావచ్చు. కానీ తాళం ఎవరికి ఇచ్చామో మనకి లెక్క ఉండాలి.

మా ఊళ్లో ఒక పెద్దమ్మకి ఇలాగే కీబోర్డు రాలేదు. టౌన్‌లో ఒక ఫోన్ల షాపుకి తీసుకెళ్లింది. మొత్తం రీసెట్ కొడితేనే బాగవుద్ది అన్నారు. సరే అంది. ఫోను బాగయింది, కానీ గల్ఫ్‌లో ఉన్న కూతురు పంపిన వాయిస్ మెసేజీలు, మనవడి ఫొటోలు అన్నీ పోయాయి. ఆమె బాధ చూశాక, మా సంఘంలో ఇంకొకామెకి అదే ఇబ్బంది వచ్చినప్పుడు మేమే కూర్చుని చూశాం. సెట్టింగ్స్‌లో ఒక బటన్ ఆన్ చేస్తే కీబోర్డు వచ్చేసింది. ఒక్క ఫొటో కూడా పోలేదు. అందుకే ఈ విషయం అందరికీ తెలియాలి అనుకున్నాను.

కీబోర్డు అంటే ఏంటి?

కీబోర్డు కూడా వాట్సాప్ లాంటి ఒక యాప్ మాత్రమే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ వాళ్ల జీబోర్డ్ ఉంటుంది. శాంసంగ్ ఫోన్లలో శాంసంగ్ కీబోర్డ్ ఉంటుంది. మిగతా యాప్‌లు ఒక్కోసారి ఆగిపోయినట్టే ఇదీ ఆగుతుంది. ఎవరో తెలియక ఆఫ్ చేస్తే ఆఫ్ అవుతుంది. కీబోర్డు రాకపోతే అద్దం పగిలిందనో, ఫోను పాడయిందనో అనుకోనక్కర్లేదు. తెర మీద మిగతా చోట్ల వేలు పెడితే పనిచేస్తుందా లేదా చూడండి. అవన్నీ పనిచేస్తుంటే ఫోను బాగానే ఉంది, ఆగింది ఆ యాప్ ఒక్కటే.

నిజంగా పోయిందా, ముందు చూడండి

సగం సార్లు కీబోర్డు ఎక్కడికీ పోదు. ఈ నాలుగూ చూసుకోండి.

మొదటిది, రాసే గడిలో వేలు పెట్టారా? ఆ గడిని ఒకసారి నొక్కితేనే కీబోర్డు పైకి లేస్తుంది. గడి బయట నొక్కితే రాదు.

రెండోది, వాట్సాప్ గ్రూపు. కొన్ని గ్రూపుల్లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా పెడతారు. అలాంటి గ్రూపులో మనకి రాసే గడే ఉండదు. అడ్మిన్లు మాత్రమే పంపగలరు అని కింద రాసి ఉంటుంది. గడి లేకపోతే కీబోర్డు ఎలా వస్తుంది? వేరే ఎవరికైనా మెసేజ్ తెరిచి చూడండి. అక్కడ వస్తే మీ ఫోన్‌కి ఏమీ కాలేదు.

మూడోది, అక్షరాల బదులు మైకు బొమ్మ ఒక్కటే కనపడుతుందా? అంటే పొరపాటున వాయిస్ టైపింగ్‌లోకి వెళ్లింది. అక్కడే చిన్న కీబోర్డు బొమ్మ గానీ, వెనక్కి వెళ్లే గుర్తు గానీ ఉంటుంది. అది నొక్కితే అక్షరాలు తిరిగి వస్తాయి.

నాలుగోది, కీబోర్డు చిన్నదైపోయి తెర మధ్యలో తేలుతుందా? దాని కింద చిన్న పట్టీ ఉంటుంది. దాన్ని వేలితో పట్టుకుని తెర అడుగుకి లాగి వదిలితే మళ్లీ దాని చోట కూర్చుంటుంది.

ఇంకొక మాట. డబ్బు పంపేటప్పుడు యూపీఐ పిన్ కొట్టే దగ్గర వచ్చే అంకెలు వేరు. అవి ఆ పేజీలోనే ఉంటాయి, మన కీబోర్డుతో వాటికి సంబంధం లేదు. ఫోన్ లాక్ అంకెలు కూడా అంతే. అందుకని కీబోర్డు బాగుచేయడానికి వచ్చిన ఎవరికీ మీ యూపీఐ పిన్‌తో పని ఉండదు. అడిగారంటే అనుమానించాల్సిందే.

వరసగా చేయాల్సినవి

ఇప్పుడు నిజంగానే రావడం లేదు అనుకుందాం. తేలిక పని ముందు, కష్టమైనది తర్వాత. ఒక్కొక్కటి చేసి, వచ్చిందేమో చూసి, రాకపోతేనే తర్వాతది చేయండి.

ఒకటి. తెరిచిన యాప్‌లన్నీ మూసేసి ఫోను రీస్టార్ట్ చేయండి. పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే రీస్టార్ట్ అని వస్తుంది. కొన్ని కొత్త ఫోన్లలో పవర్ బటన్, సౌండ్ పెంచే బటన్ రెండూ కలిపి నొక్కాలి. చాలాసార్లు దీనితోనే అయిపోతుంది.

రెండు. బ్లూటూత్ ఆఫ్ చేయండి. ఫోన్‌కి ఏదైనా కేబుల్ తగిలించి ఉంటే తీసేయండి. ఇది ఎందుకంటే, బయట కీబోర్డు ఒకటి తగిలింది అనుకుంటే ఫోను తన తెర మీద కీబోర్డుని దాచేస్తుంది. సెల్ఫీ స్టిక్ బటన్‌ని, కిరాణా కొట్టులో బార్‌కోడ్ స్కానర్‌ని కూడా ఫోను కీబోర్డు కిందే లెక్కేస్తుంది. మన మహిళా మార్టుల్లో, కొట్లలో స్కానర్ వాడే అక్కలు ఇది గుర్తుపెట్టుకోండి. స్కానర్ ఉండగానే తెర మీద కీబోర్డు కూడా కావాలంటే, సెట్టింగ్స్‌లో ఫిజికల్ కీబోర్డ్ అనే చోట ఆన్‌స్క్రీన్ కీబోర్డు చూపించు అనే బటన్ ఉంటుంది. అది ఆన్ చేయాలి.

మూడు. కీబోర్డు ఆన్‌లో ఉందో లేదో చూడండి. పళ్ల చక్రం గుర్తు ఉన్న సెట్టింగ్స్ తెరవండి. కిందికి జరుపుతూ సిస్టమ్ లోకి వెళ్లి కీబోర్డ్ గానీ, లాంగ్వేజెస్ అండ్ ఇన్‌పుట్ గానీ నొక్కండి. అందులో ఆన్‌స్క్రీన్ కీబోర్డ్ అని ఉంటుంది. శాంసంగ్ అయితే జనరల్ మేనేజ్‌మెంట్‌లో కీబోర్డ్ లిస్ట్ అని ఉంటుంది. రెడ్‌మీ లాంటి వాటిలో అడిషనల్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఒక్కో కంపెనీ పేరు కొంచెం మార్చి పెడుతుంది గానీ, కీబోర్డ్ అనే మాట పట్టుకుని వెతికితే దొరుకుతుంది. అక్కడ జీబోర్డ్ గానీ, మీ ఫోను సొంత కీబోర్డు గానీ ఆన్ చేసి, వాడేది అదేనని ఎంచుకోండి. ఎప్పుడో పిల్లలు ఆడుకుంటూ వేసిన రంగుల కీబోర్డుని తర్వాత తీసేసినప్పుడు కూడా ఇలాంటి తకరారు వస్తుంది.

నాలుగు. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి జీబోర్డ్‌ని వెతకండి. అక్కడ ఎనేబుల్ అని కనపడితే అది నొక్కండి, అంటే ఇంతవరకు ఆపేసి ఉందన్నమాట. ఎనేబుల్ కనపడకపోతే ఫోర్స్ స్టాప్ నొక్కి, తర్వాత స్టోరేజ్‌లోకి వెళ్లి క్లియర్ క్యాష్ నొక్కండి. దీనివల్ల మీ ఫొటోలు, మెసేజీలు ఏవీ పోవు. పక్కనే క్లియర్ డేటా అని ఉంటుంది. అది నొక్కితే కీబోర్డు గుర్తుపెట్టుకున్న మాటలు, మనం పెట్టుకున్న భాషలు పోతాయి, మళ్లీ పెట్టుకోవాలి. అందుకని దాన్ని చివరికి ఉంచండి.

ఐదు. ఫోన్లో జాగా ఉందా? గుడ్ మార్నింగ్ బొమ్మలు, పెళ్లి వీడియోలు నిండిపోతే ఏ యాపూ సరిగ్గా నడవదు. అక్కర్లేనివి తీసేయండి. ఒక్కసారి తీసి చూడండి, ఫోను కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

ఆరు. కీబోర్డుని అప్‌డేట్ చేయండి. "కీబోర్డే లేదు, ప్లే స్టోర్‌లో పేరు ఎలా కొట్టాలి?" అని మా సంఘంలో అడిగారు. మంచి ప్రశ్న. పేరు కొట్టే పని లేదు. ప్లే స్టోర్ పైన కుడి మూల గుండ్రంగా ఉన్న మన బొమ్మ నొక్కితే మేనేజ్ యాప్స్ అని వస్తుంది. అందులో అప్‌డేట్ కావాల్సిన యాప్‌ల జాబితా ఉంటుంది. జీబోర్డ్ ఉంటే దాని పక్కన అప్‌డేట్ నొక్కండి. వెతకాల్సి వస్తే మైకు బొమ్మ నొక్కి నోటితో చెప్పొచ్చు.

ఈ ఆరూ చేసేలోపు చాలా ఫోన్లు దారికొస్తాయి. అప్పటికీ రాకపోతే షాపుకి వెళ్లండి, తప్పులేదు. కానీ రీసెట్ అనే మాట వినపడితే ఆగండి. ముందు ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ తీసుకున్నాకే ఒప్పుకోండి. బాగుచేస్తున్నంతసేపు పక్కనే నిలబడండి.

ఈలోపు అర్జెంటు కబురు ఆగాల్సిన పని లేదు. వాట్సాప్‌లో మైకు నొక్కి పట్టుకుని మాట్లాడి పంపండి. లేదంటే యానిమేటర్‌కి ఫోన్ చేసి చెప్పండి.

చేయకూడనివి

కంగారులో కనపడిన కొత్త కీబోర్డు యాప్‌ని వేసుకోకండి. మనం కొట్టే ప్రతి అక్షరం కీబోర్డు లోంచే వెళుతుంది. కొత్త కీబోర్డు ఆన్ చేసేటప్పుడు, మీరు కొట్టే మాటలు, పాస్‌వర్డులు ఈ యాప్ సేకరించగలదు అని ఫోనే హెచ్చరిక చూపిస్తుంది. మనం చదవకుండా ఓకే కొట్టేస్తాం. ఫోన్‌తో వచ్చిన కీబోర్డు మనకి చాలు.

గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకి ఫోన్ చేయకండి. అందులో మోసగాళ్లు పెట్టిన నంబర్లు కూడా ఉంటాయి. "నేను ఇక్కడి నుంచే సరిచేస్తాను, ఈ యాప్ వేసుకోండి" అని మన తెర వాళ్లకి కనపడేలా చేసుకుంటారు. ఓటీపీ చదివేస్తారు. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచొద్దు. వెంటనే 1930 నంబరుకి ఫోన్ చేయాలి, బ్యాంకుకి చెప్పాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

కీబోర్డు తెలుగులో ఉండాలి

చాలామంది అక్కలు "నాకు కీబోర్డు రాదు" అంటారు. చూస్తే వచ్చే ఉంటుంది, ఇంగ్లీషులో ఉంటుంది! జీబోర్డ్ సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్ నొక్కి తెలుగు కలుపుకోండి. అందులో తెలుగు అక్షరాలు ఉన్నది, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చేది, వేలితో రాసేది ఉంటాయి. కలిపాక స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే భాష మారుతుంది. సంతకం నేర్చుకుని, తర్వాత నిదానంగా రాయడం నేర్చుకున్న మా పెద్దమ్మలకి వేలితో రాసేది బాగా నచ్చింది. పలక మీద రాసినట్టే రాస్తారు, అది అచ్చు అక్షరం అయిపోతుంది.

మన సంఘాల్లో ఏం చేద్దాం?

మా సంఘంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. అందరూ పెట్టుకోవాలని కోరుతున్నాను. సమావేశంలో పొదుపు లెక్క అయ్యాక 10 నిమిషాలు ఫోన్ల కోసం ఉంచుతాం. ఎవరి ఫోన్‌కి ఇబ్బంది ఉంటే వాళ్లు చెబుతారు. తెలిసినవాళ్లు పక్కన కూర్చుని నోటితో చెప్పాలి. ఫోను మాత్రం పట్టుకోకూడదు. వేలు ఎవరి ఫోను వాళ్లదే. మొదట్లో ఆలస్యం అవుతుంది, విసుగు వస్తుంది. కానీ రెండోసారి అదే ఇబ్బంది వస్తే ఆమే చేసుకుంటుంది, మూడోసారి పక్కామెకి నేర్పుతుంది. ప్రతి గ్రామ సమాఖ్యలో ఇద్దరు సభ్యులు ఈ ఆరు పనులూ బాగా నేర్చుకుని మిగతావాళ్లకి చెప్పేలా ఈ సభలో తీర్మానం చేయాలని అధ్యక్షురాలు గారిని కోరుతున్నాను.

వేలిముద్ర వేసే రోజుల నుంచి సంతకం పెట్టే రోజులకి మన అమ్మలు కష్టపడి వచ్చారు. మన పని మనమే రాసుకోవాలని వాళ్లు అంత పట్టుబట్టారు. ఫోన్‌లో రాసే పని మళ్లీ వేరేవాళ్ల వేలికి అప్పగించకుండా చూసుకోవడం మన వంతు.

 భోజనాల దగ్గర నేను కుడివైపు గదిలో ఉంటాను. కీబోర్డు రాని ఫోన్లు ఉంటే తీసుకురండి. నేను చెబుతాను, మీరు నొక్కండి.