కోటిన్నొక్క ప్రభ
(మా లెక్కల మాస్టారి స్మారకోపన్యాసం, కోటప్పకొండ)



శివరాత్రి తిరునాళ్లకు వెదురుతో ఎత్తుగా కోటిన్నొక్క ప్రభ కడితే త్రికోటేశ్వరుడు కొండ దిగి వస్తాడని మన పెద్దల నమ్మకం. ఓ శివరాత్రి మర్నాడు మా లెక్కల మాస్టారు దాన్నే లెక్కగా ఇచ్చారు. ఈ ఏడు ఒక్క ప్రభ, ఏటేటా రెట్టింపు. కోటి ఎప్పటికి దాటుతుంది? వందల ఏళ్లన్నాం. చేసి చూస్తే ఇరవై అయిదో శివరాత్రికే 1,67,77,216 తేలింది. "మరి నిలబెట్టే చోటేదిరా?" అన్నారు. పది గజాలకొకటి చొప్పున కోటి ప్రభలు నిలిపినా ఆ వరస భూగోళాన్ని రెండుసార్లు చుట్టేస్తుంది.

ఏటా 7 శాతం ఆర్థిక వృద్ధి అన్న వార్త వింటే నాకు ఆ లెక్కే గుర్తొస్తుంది. ఆ వేగాన పదేళ్లకు రెట్టింపు, వందేళ్లకు 860 రెట్ల పైమాట.

అలా పెరిగిపోతుందని భయపడిన వాటిలో జనాభా సంగతి చాలావరకు తేలిపోయింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. తరానికి తరం నిలవాలంటే స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 1.7కు దిగింది. 2024లో ఆ నిబంధనే ఎత్తేశారు. ముప్పై ఏళ్లలో భయం తలకిందులైంది. ఆడపిల్లలు బడికెళ్లారు, పుట్టిన బిడ్డలు బతికి బట్టకట్టారు, కుటుంబాలు చిన్నవయ్యాయి.

సంపద సంగతి ఇంకా తేలలేదు. ఇక్కడ దానికి ఆధారం నీళ్లు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఈ మెట్ట ప్రాంతం రాత మారింది. కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టిన జలాశయం పూడిక పేరుకుని ఇప్పుడు 312 దగ్గర ఆగింది. మన ఆశ పెరుగుతోంది, దాన్ని తడిపే గిన్నె తరుగుతోంది. బిందు సేద్యంతో నీళ్లు మిగులుతాయంటారు. నిజమే. కానీ మిగిలిన నీళ్లతో మరో ఎకరం మిర్చి వేస్తే కాలువకు మిగిలేదేమిటి?

దీనికి జవాబు మన పత్తి రైతు దగ్గరుంది. చేను మరీ ఏపుగా లేస్తుంటే తలలు తుంచుతాడు. పైకి పోయే సత్తువ పక్క కొమ్మలకు మళ్లి కాయ పడుతుంది. మన ఊళ్లూ అలా పండాలి. చెరువుల పూడిక తీయాలి, ముసలివాళ్లకు మందూ మనిషీ అందాలి, బడిలో ప్రతి బిడ్డకూ చదువు రావాలి.

తిరునాళ్లకు కావూరు నుంచో పురుషోత్తమపట్నం నుంచో ప్రభ కదిలేటప్పుడు దగ్గరగా చూడండి. కళ్లన్నీ వెదురు కొసన వెలిగే దీపాల మీదుంటాయి. దాన్ని నిలబెట్టేది మాత్రం కింద నాలుగు వైపులా మోకులు బిగబట్టిన మనుషులు. పట్టే చేతులను లెక్కపెట్టుకుని ఎత్తు కట్టిన ప్రభే కొండకు చేరుతుంది.

ప్రతి లెక్క చివరా మాస్టారు "సరిచూడు" అని రాయించేవారు. పెరుగుదల లెక్కనూ సరిచూద్దాం. ఆయనకు మనం ఇవ్వగల గురుదక్షిణ అదే.