విద్యుత్తు పోవు దారి, వచ్చు దారి



మీట నొక్కినంతనే దీపము వెలుగుట నేడు పసిపిల్లలకు సైతము వింత కాదు. ఆ తీగలలో పోవుచున్నదేమి, పోయినది ఎటు చేరుచున్నది అను ప్రశ్న మాత్రము పెద్దలకును అరుదుగా తోచును. గీజరు తాకగా చేయి జిల్లుమన్నప్పుడు అది జ్ఞప్తికి వచ్చును. ఒక్కొక్కప్పుడు అప్పటికే ఆలస్యమై యుండును.

పొడి తలను దువ్విన ప్లాస్టిక్ దువ్వెనను కాగితపు తునకల చెంత నుంచినచో అవి ఎగిరి అంటుకొనును. ప్రాచీన గ్రీకులు ఈ గుణమునే తృణమణియందు చూచిరి. ఎలక్ట్రాను అను మాట ఆ మణికి వారిడిన పేరునుండియే పుట్టినది. ఆవేశము రెండు విధములని 1733లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డ్యూఫే తెలిపెను. ఒకే జాతివి తొలగద్రోసికొనును, వేరు జాతులవి దగ్గరకు లాగుకొనును. వీనిని ధన ఋణములని వ్యవహరించినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. ధనమునుండి ఋణమునకు ప్రవాహమని ఆయన ఊహ. 1897లో థామ్సన్ ఎలక్ట్రానును కనుగొనిన పిదప, లోహపు తీగలో కదలునవి ఋణావేశముగల కణములని తేలినది. అప్పటికే పుస్తకములలో బాణపు గుర్తులన్నియు గీయబడినవి. నేటికిని విద్యార్థులు ఆ తలక్రిందుల బాణములనే గీయుచున్నారు.

దువ్వెనపై ఆవేశము నిలిచియుండును. అది కదలినచో ప్రవాహము. ఎడతెగని ప్రవాహమును 1800లో వోల్టా తన బ్యాటరీతో లోకమునకు చూపెను. ఒక ఆంపియరు అనగా తీగలో ఒకచోట సెకనుకు సుమారు 62 వేల కోట్ల కోట్ల ఎలక్ట్రానులు దాటుట. అయినను వాని నడక చీమ నడకకన్న మందము. తీగనిండ అవి ముందే కలవు గనుక మీట నొక్కగనే అన్నియు ఒక్కమారు కదలును, దీపము తక్షణమే వెలుగును.

కాని దారి గుండ్రముగా తిరిగి మొదటికి చేరవలెను. ఎచ్చట తెగినను ప్రవాహము లేదు. మీట చేయు పని ఆ దారిని తెంచుట, కలుపుట మాత్రమే. పండుగనాటి బల్బుల దండలో అన్నియు ఒకే దారిలో వరుసగానున్నచో, ఒకటి మాడగా దండయంతయు ఆరును. ఇంటి దీపములకు వేర్వేరు శాఖలుండుటచే ఆ బాధ లేదు. ప్రవాహమెంతయో 1827నాటి ఓమ్ సూత్రము చెప్పును: వోల్టులను నిరోధముచే భాగింపవలెను. 230 వోల్టులపై 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగును. అట్టిదానిని దీపములకు ఏర్పడిన సన్నని తీగకు తగిలించినచో గోడలోని తీగ కాగును. అట్లు కాగి నిప్పంటుకొనక ముందే కరగి దారి తెంచునది ఫ్యూజు. అందులో లావుపాటి రాగితీగ చుట్టువారు కాపలావానిని నిద్రబుచ్చుచున్నారు.

ఫ్యూజు కాపాడునది తీగను, మనిషిని కాదు. ఈ సంగతి చాలమందికి తెలియదు. సరఫరా ట్రాన్స్‌ఫార్మరువద్ద న్యూట్రలు తీగ భూమికి కలుపబడి యుండును. కావున నేలయే ఒక మరలు దారి. తీగపై వ్రాలిన పిచ్చుకకు ఆ దారి లేదు. తడినేలపై వట్టికాళ్ళతో నిలిచి గీజరు తాకువానికి కలదు. తడిసిన శరీరపు నిరోధము వేయి ఓములకు దిగవచ్చును. అప్పుడు ప్రవాహము 0.23 ఆంపియరు. గుండె లయ తప్పుటకు అందు సగము చాలును; 15 ఆంపియర్ల ఫ్యూజునకు అది లెక్కలోనిదే కాదు.

ఇందులకే ప్లగ్గు పైభాగమున లావుపాటి మూడవ పిన్ను. అది పరికరపు లోహపు ఒడలిని భూమికి కలుపును. లోపలి తీగ ఒడలికి తగిలినచో ప్రవాహము మనిషికై వేచియుండక ఆ సులభమార్గమున ఉరికి ఫ్యూజును కరగించును. గోడలోని ఎర్తు తీగ తెగియున్నచో ఆ పిన్ను వట్టి అలంకారము.

నేటి ఇండ్లలో అమర్చు ఆర్.సి.సి.బి. అను పరికరము పోయిన ప్రవాహమును, తిరిగివచ్చిన ప్రవాహమును సరిచూచును. సాధారణముగా 0.03 ఆంపియరు తగ్గినను, ఎవరి శరీరముగుండానో నేలకు పోవుచున్నదని గ్రహించి రెప్పపాటులో దారి తెంచును. అయితే రెండు తీగలను రెండు చేతులతో పట్టినవానియందు పోక, రాక సమానములే. ఆ పరికరమునకు వాడొక దీపము వంటివాడు. దానిపై ‘టి’ గుర్తుగల చిన్నమీట యుండును. నెలకొకసారి దానిని నొక్కి చూడవలెను. నొక్కినను విద్యుత్తు ఆగనిచో పరికరము చెడినదని ఎరిగి వెంటనే మార్పింపవలెను.