తుమ్మబంక – పురుగుమందుల విషము
(బాన్సువాడ ప్రాంత పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నిజాంసాగరు ఆయకట్టులో నాట్లు ముగిసిన కొలది వారములకే పొలము గట్లపై పిచికారీ యంత్రములు కానవచ్చును. "మందు కొట్టబోవు ముందు తుమ్మబంక నానవేసిన నీరు త్రాగినచో విషమెక్కదట, నిజమేనా?" అని మమ్ములను అడిగినవారు గలరు. ఈ ప్రశ్నను మేము నవ్వి త్రోసివేయము. ఆ మాటలో కొంత సత్యము గలదు. ప్రాణము మీదికి తెచ్చునది కూడ ఆ కొంత సత్యమే.

బాలింతలకు తుమ్మబంకను నేతిలో వేయించి, బెల్లము చేర్చి ఉండలు కట్టి పెట్టుట మన ఇండ్లలో తెలిసినదే. బెరడునకు గాయమైనపుడు ఆ గాయమును మూయుటకు చెట్టు స్రవించునదే బంక. ప్రపంచ విపణిలో పేరొందిన అరబ్బీ బంక సూడాను మొదలగు ఆఫ్రికా దేశముల తుమ్మజాతి చెట్లది. మన నల్లతుమ్మ దానికి చుట్టమే గాని, రెండును ఒకటి కావు. తపసి చెట్టు బంక మరియొక తీరు. అది నీటిలో కరగక ఉబ్బును. అంగడిలో అన్నిటిని బంక అనియే అమ్ముదురు. కావున శాస్త్రజ్ఞులు పరీక్షించినది ఏ బంక, మనము కొన్నది ఏ బంక అన్నది మొదట చూడవలసియున్నది.

ఇనుమునకు గాలి, తేమ తగిలి త్రుప్పు పట్టుట మీరెరుగుదురు. మన శరీరములో కూడ ఆమ్లజని, అనగా ఆక్సిజన్, వలన ఇటువంటి అరుగుదల నిత్యము జరుగుచుండును. దానిని అడ్డు పదార్థములు శరీరములోనే గలవు. కొన్ని రసాయనములు ప్రవేశించినపుడు ఈ అరుగుదల హద్దు మీరి కాలేయము, మూత్రపిండములు దెబ్బ తినును. 2013లో ఒమాను దేశపు సుల్తాన్ కాబూస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ఒకటి గలదు. మూత్రపిండములను చెరచు అడినీన్ అను పదార్థమును ఎలుకల మేతలో నాలుగు వారములు కలిపిరి. కొన్నిటికి త్రాగు నీటిలో నూటికి 15 వంతుల అరబ్బీ బంక కలిపి యిచ్చిరి. బంక త్రాగిన ఎలుకలలో ఆ అరుగుదల, వాపు లక్షణములు తగ్గినవి. జెంటామైసిన్ అను మందు వలన ఎలుకల మూత్రపిండములకు కలుగు హానిని కూడ ఈ బంక కొంతవరకు తగ్గించినట్లు వేరు పరీక్షలలో కనబడినది.

సంతోషింపదగినదే. అయితే ఆ కొలతను గమనింపుడు. నూరు మిల్లీలీటర్ల నీటికి 15 గ్రాముల బంక! ఎలుకలు దానిని వారముల తరబడి త్రాగినవి. పొలమునకు పోవుచు త్రాగిన ఒక గ్లాసు నీటికిని దీనికిని పోలిక యెక్కడ? పైగా బంక చిన్నప్రేవులలో జీర్ణము కాదు. పెద్దప్రేవునకు చేరి, అచ్చటి సూక్ష్మజీవులచే పులిసి, మెల్లమెల్లగా పని చేయును.

పురుగుమందు అట్లు నిదానించునది కాదు. సేంద్రియ భాస్వర జాతి మందులు చర్మము గుండ, ఊపిరి గుండ నెత్తురులో కలియును. నరముల పనిని అదుపులో నుంచు కోలినెస్టరేజ్ అను పదార్థమును బంధించి వేయును. చెమటలు పోయుట, చొంగ కారుట, కంటిపాపలు చిన్నవగుట, కండరములు అదరుట, ఊపిరాడకపోవుట వరుసగా కానవచ్చును. చర్మము నుండి ప్రవేశించిన విషమును కడుపులోని బంక ఎట్లు ఆపగలదు? దీనికి వైద్యులు సూదిమందుగా ఇచ్చు అట్రోపిన్ వంటి మందులున్నవి. బంకనీటిని నమ్మి "చూతములే" అని ఇంటివద్ద గడపిన ప్రతి గడియయు ఆ మనిషి ఆయువులోనిదే.

అట్టి లక్షణములు కనబడగానే మనిషిని పొలము నుండి తప్పించి, బట్టలు తీసివేసి, సబ్బుతో ఒడలెల్ల కడుగవలెను. కడుగువారు తమ చేతులకు తొడుగులు వేసికొనవలెను. వాంతి చేయింపరాదు. స్పృహ లేనివారి నోట నీరుగాని, పాలుగాని, బంకగాని పోయరాదు, ప్రక్కకు ఒత్తిగిలబెట్టవలెను. 108కి ఫోను చేసి, మందు డబ్బాను వెంట తీసికొని బాన్సువాడ ఏరియా ఆసుపత్రికి చేర్పవలెను. డబ్బా లేనిచో వైద్యుడు ఏ విషమో ఊహించుకొనవలసివచ్చును.

1958లో కేరళములో పారథియాన్ కలిసిన పిండి తిని నూరుమందికి పైగా మరణించిరి. ఆ ఘోరము తరువాతనే 1968లో పురుగుమందుల చట్టము వచ్చినది. డబ్బాపై ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగుల గుర్తులు ఆ చట్టపు నియమముల వలన వచ్చినవే. ఎరుపు అతి తీవ్ర విషము, పసుపు దాని తరువాతిది. ఆకుపచ్చ యన్నను విషము లేదని కాదు, తక్కువ యని. చదువు రానివారును రంగు పోల్చగలరు గదా! ఈ నాలుగు రంగులను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుటకు ఎంత ఖర్చగును?

బంక ఉండలను మానుమని మేము చెప్పుట లేదు. అది ఆహారము, తగినంత నీటితో తినుడు.

ఖాళీ డబ్బాల మాట మిగిలినది. వానిని కాలువలో కడిగి నూనెకో, త్రాగునీటికో ఇంట వాడుకొనుట కొన్ని చోట్ల మేమే చూచితిమి. వచ్చు గ్రామసభలో మొదట దీనిని చర్చకు పెట్టుడు.