బొటనవేలి మొదట్లో ఆ పోటు: మా అక్క చెయ్యి కథ

పోయిన ఎపిసోడ్‌లో మెడ నొప్పి గురించి మాట్లాడుకున్నాం కదా, దాని కింద కామెంట్స్‌లో సగం మంది అడిగింది ఒకటే. "అన్నా, మెడ సరే, మా బొటనవేలు సంగతేంటి? ఫోన్ పట్టుకుంటే మణికట్టు దగ్గర పోటు వస్తోంది" అని. సరే, ఇవాళ అదే చెప్పుకుందాం. కానీ ఫోన్‌తో మొదలుపెట్టను, మా అక్కతో మొదలుపెడతాను. ఎందుకంటే ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటుంది.

అక్కకి కాన్పు మా ఇంట్లోనే జరిగింది. బాబు పుట్టిన రెండో నెలలో అనుకుంటా, ఫోన్‌లో మాటల మధ్య "ఒరేయ్, కుడి చెయ్యి లాగుతోందిరా" అంది. నేను అప్పుడు క్లినిక్‌లో ఉన్నా, బయట పేషెంట్లు కూర్చుని ఉన్నారు. "బామ్ రాసుకో అక్కా, నిద్ర లేక అలా ఉంటుందిలే" అని పెట్టేశా. రోజంతా భుజాలు, చేతులు, వేళ్ళు చూసే ఫిజియోథెరపిస్ట్‌ని నేను. సొంత అక్కని ఎక్కడ నొప్పి, ఎప్పుడు వస్తోంది అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఇంట్లో అమ్మేమో "చన్నీళ్ళు ముట్టుకున్నావు, బాలింత వాతం" అని తేల్చేసింది. వాముపొగ, వేన్నీళ్ళు, నువ్వుల నూనెతో గట్టిగా మర్దన. ఐదో నెలలో అక్క అత్తారింటికి వెళ్ళింది. అక్కడ పిల్లాడ్ని ఎత్తుకోవాలంటే ముందు ఎడమ చెయ్యి చాపేది, ఒక్కోసారి "అత్తయ్యా, కాస్త మీరు ఎత్తుకోండి" అనేది. వాళ్ళకి అది బద్ధకంలా కనిపించింది. మాటలు పడింది. ఒకరోజు వాడికి నీళ్ళు పోసి పైకి తీస్తుంటే చెయ్యి చురుక్కుమని పట్టు వదిలేసింది. పక్కనే బావ ఉండి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి వీడియో కాల్ చేసి ఏడ్చింది. చెయ్యి నొప్పికి కాదండి. "పిల్లాడ్ని ఎత్తుకోవాలంటే భయమేస్తోందిరా" అని.

అప్పుడు అడిగా, మూడు నెలల ముందు అడగాల్సిన ప్రశ్న. "అక్కా, నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించు." కరెక్ట్‌గా బొటనవేలి వైపు, మణికట్టు పక్కన చిన్న ఎముక పొడుచుకు వచ్చినట్టు ఉంటుంది చూడండి, దాని మీద పెట్టింది. కాస్త వాచి కూడా ఉంది.

దీని పేరు డీ కెర్వాన్ సమస్య. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డీ కెర్వాన్ 1895లో దీని గురించి రాశాడు, ఆయన పేరే ఉండిపోయింది. అప్పట్లో ఇంగ్లీషు వాళ్ళు దీన్ని బట్టలుతికే ఆడవాళ్ళ బెణుకు అనేవాళ్ళు. ఇప్పుడు కొందరు గేమర్ థంబ్ అంటున్నారు. మనుషులు మారారు కానీ నొప్పి అదే.

లోపల ఏం జరుగుతుందంటే, బొటనవేలిని పక్కకి, వెనక్కి లాగే రెండు టెండన్లు ఉంటాయి. టెండన్ అంటే కండని ఎముకకి కట్టే తాడు అన్నమాట. ఆ రెండూ మణికట్టు దగ్గర ఒక ఇరుకు గొట్టంలోంచి వెళ్తాయి. పైజమాకి నాడా ఎక్కించే మడత ఉంటుంది కదా, అలాంటిదే. ఆ మడత బట్ట దళసరి అయిపోయి, నాడా కూడా ఉబ్బితే ఏమవుతుంది? లాగిన ప్రతిసారీ పట్టేస్తుంది. అంతే. వాతం కాదు, చన్నీళ్ళు కాదు. చంటిపిల్లల తల్లుల్లో ఇది బాగా కనిపిస్తుంది. పిల్లాడ్ని చంకల కింద రెండు చేతులూ పెట్టి, బొటనవేళ్ళు విడదీసి ఎత్తుతారు చూడండి, ఆ భంగిమలో ఏడు కిలోల బరువు రోజుకి ఎన్నిసార్లు లేపుతారో లెక్కేసుకోండి.

ఇక మీ ఫోన్ దగ్గరికి వద్దాం. ఒక్క చేత్తో పెద్ద ఫోన్ పట్టుకుని, అదే చేతి బొటనవేలిని ఆ చివరి మూలదాకా చాపుతారు. పనిచేసేది ఆ రెండు టెండన్లే. బరువు తక్కువే, కానీ లెక్కలేనన్ని సార్లు. ఫోన్ ఒక్కటే కారణమని నేను అనను. అప్పటికే నొప్పి ఉన్నవాళ్ళకి మాత్రం అది తగ్గనివ్వదు.

ఇంట్లో చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా వేళ్ళతో గుప్పిట మూసి, మణికట్టుని మెల్లగా చిటికెన వేలి వైపు వంచండి. మెల్లగా అన్నాను! నొప్పి లేనివాళ్ళకి కూడా ఇక్కడ కాస్త లాగుతుంది, అందుకే రెండో చేత్తో కూడా చేసి పోల్చుకోండి. ఒక వైపు మాత్రం ప్రాణం పోయినట్టు ఉంటే అనుమానించాలి. వీడియోలో ఇది చూపించగానే నాకు ఒక్క రోజులో పది వీడియోలు పంపేస్తారు మీరు, "అన్నా నాకుందా?" అని. చూడకుండా చెప్పలేను, ముందే చెప్తున్నా.

ఇంకో మాట. రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి నిద్ర లేస్తున్నారా? అది నరం సమస్య, వేరే కథ. బండి మీద నుంచి పడి చెయ్యి ఆనించాక బొటనవేలి మొదట్లో గుంటలో నొప్పి ఉందా? అయితే ఈ వీడియో ఆపి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అక్కడ స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది. అది విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. దానికి రక్తం అందే తీరు వల్ల వదిలేస్తే అతుక్కోకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. బెణుకే కదా అని కట్టు కట్టుకుని తిరిగేవాళ్ళని చాలామందిని చూశా.

సరే, అక్కకి ఏం చేశాం? ముందు మర్దన ఆపించా. వాచిన గొట్టాన్ని గట్టిగా రుద్దితే ఇంకా రేగుతుంది. అమ్మకి కోపం వచ్చింది, అది వేరే ఎపిసోడ్. తర్వాత స్ప్లింట్. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. మెడికల్ షాపులో మామూలు మణికట్టు బ్యాండ్ కొంటారు. దాంట్లో బొటనవేలు ఫ్రీగా తిరుగుతూనే ఉంటుంది, ఇక లాభమేంటి? బొటనవేలిని కూడా కదలకుండా పట్టే స్ప్లింట్ కావాలి, థంబ్ స్పైకా అని అడగండి. నొప్పి ఎక్కువున్న చోట బట్ట చుట్టిన ఐస్, పది నిమిషాలు.

అన్నిటికన్నా పనికొచ్చింది ఎత్తే పద్ధతి మార్చడం. చంకల కింద చేతులు పెట్టకుండా, ఒక ముంజేయి పిల్లాడి పిరుదుల కింద, ఇంకో ముంజేయి వీపు కింద పెట్టి, అరచేతులు పైకి ఉంచి, ఒంటికి దగ్గరగా లాక్కుని లేవాలి. పాలిచ్చేటప్పుడు తలని మణికట్టు వంచి మోయకుండా కింద దిండు పెట్టాలి. ఇది అక్కకి వీడియో కాల్‌లో, ఒక దిండుని బాబులా పట్టుకుని నేర్పించా. వెనకాల అత్తగారు నిలబడి చూస్తున్నారు.

మూడు వారాలకి సగం తగ్గింది, అక్కడే ఆగింది. ఆర్థోపెడిక్ డాక్టర్ ఆ గొట్టంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తానన్నారు. స్టెరాయిడ్ అనగానే అక్క వణికింది. ఇది ఆ ఒక్క చోట ఇచ్చేది, చాలామందికి బాగా పనిచేస్తుంది. కానీ పాలిస్తున్నా, షుగర్ ఉన్నా ముందే డాక్టర్‌కి చెప్పాలి. సూది వేసిన చోట చర్మం కాస్త తెల్లబడొచ్చు కూడా. అక్క ఒకటి వేయించుకుంది. దాంతోనూ తగ్గనివాళ్ళకి చిన్న ఆపరేషన్ ఉంది, ఆ గొట్టం కప్పు తెరుస్తారు. అక్కకి ఆ అవసరం రాలేదు.

వ్యాయామం నొప్పి దిగాకే. ముంజేయి టేబుల్ మీద, బొటనవేలు పైకి, చెయ్యి అంచు దాటి బయటికి. రెండో చేత్తో పట్టి పైకి లేపి, తర్వాత సొంతంగా నాలుగైదు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా కిందకి దించాలి. పది సార్లు. మొదట వట్టి చేత్తో, కొన్నాళ్ళకి అరలీటరు నీళ్ళ సీసాతో. మర్నాడు పొద్దున నొప్పి పెరిగిందంటే ఎక్కువ చేశారని అర్థం, తగ్గించండి.

ఫోన్‌కి? బల్ల మీద పెట్టి చూపుడువేలితో టైప్ చేయండి. పెద్ద మెసేజ్ అయితే తెలుగులో మాట్లాడి టైప్ చేయించుకోండి, ఇప్పుడు బాగానే వస్తోంది.

పోయిన నెల అక్క వాళ్ళింటికి వెళ్ళా. అత్తగారు పిల్లాడ్ని ఉయ్యాల్లోంచి తీస్తున్నారు, ముంజేతులు రెండూ కిందకి పెట్టి, ఒంటికి దగ్గరగా లాక్కుని. నన్ను చూసి "నాక్కూడా ఈ చెయ్యి ఇరవయ్యేళ్ళ నుంచి లాగుతూనే ఉంది బాబూ" అన్నారు. ఈసారి బామ్ అనలేదు. కూర్చోబెట్టి, ఒక్క వేలితో చూపించమన్నా. ఆవిడది బొటనవేలి కీలు అరుగుదల. దాని గురించి వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను, ఉంటానండి.