పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా

సైటులో రోజూ సేఫ్టీ గురించి చెప్పేవాణ్ణి, ఈ రోజు కారు గురించి చెప్తాను. మనలో చాలామంది నలుగురు కలిసి పాత కారు కొనుక్కుని తిరుగుతున్నారు గదా, అందుకని.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో మనకు పని బంద్. కారుకు ఆ రూలు లేదు, ఎండలోనే నిలబడి ఉంటుంది. ట్యాంకులో పెట్రోలు వేడెక్కి ఆవిరవుతుంది. ఆ ఆవిరిని బయటికి వదిలితే గాలి పాడవుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. పూర్తిగా మూసేస్తే ట్యాంకులో ప్రెషర్ పెరుగుతుంది. అందుకే ట్యాంకు నుంచి ఒక పైపు నల్ల డబ్బాలోకి పోతుంది. దాన్ని చార్‌కోల్ క్యానిస్టర్ అంటారు. లోపల ఉండేది బొగ్గే. పొయ్యిలో బొగ్గులాంటిది కాదు, కంటికి కనపడనన్ని సన్న రంధ్రాలు వచ్చేలా తయారుచేసింది. ఆవిరి అందులో పట్టుకుని ఆగుతుంది. బండి నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే ఇంజన్ ఆ ఆవిరిని పీల్చుకుని కాల్చేస్తుంది. మన డబ్బుతో కొన్న పెట్రోలు మనకే పనికొస్తుందన్న మాట. కాలిఫోర్నియాలో 1970 మోడల్ కార్ల నుంచే ఇలాంటి ఏర్పాటు తప్పనిసరి చేశారు.

డబ్బాను పాడుచేసేది చాలాసార్లు మనమే. బంకులో నాజిల్ టక్కుమని ఆగిందంటే ట్యాంకు నిండినట్టే. "ఇంకో రెండు దిర్హాములకు కొట్టు భాయ్" అంటాం. అలా పొంగిన పెట్రోలు ఆవిరి పైపులోకి పోయి బొగ్గు తడిసిపోవచ్చు. బొగ్గు ఆవిరిని ఆపుతుంది గానీ పెట్రోలును కాదు. ఆ తర్వాత పెట్రోలు పోయించిన ప్రతిసారీ బండి స్టార్టు కానని మొరాయిస్తుంది. సంగతి తెలియని మెకానిక్ ప్లగ్గులు, పంపు మార్చి బిల్లు చేతిలో పెడతాడు.

చెక్ ఇంజన్ లైటు వెలిగి స్కానర్‌లో పి0455 అని వస్తే ఆవిరి ఎక్కడో ఎక్కువగా లీకవుతోందని. ముందు పెట్రోలు మూత బిగిసిందా, దాని రబ్బరు పగిలిందా చూడండి. అదే అయితే చవకలో పోతుంది. సరిచేసిన వెంటనే లైటు ఆరదు, కొన్ని రోజులు నడిపితే పోతుంది. గుద్దిన బండి కొనేటప్పుడు వెనక కింద భాగం చూపించండి, చాలా కార్లలో ఈ డబ్బా అక్కడే ఉంటుంది.

కారులో పెట్రోలు వాసన వస్తుంటే ఏసీ వేసుకుని అలాగే పోవద్దు, సిగరెట్ అసలే వద్దు. రోడ్డు పక్కకు తీసి, ఇంజన్ ఆపి, అందరూ దిగి దూరంగా నిలబడండి. కింద పెట్రోలు కారుతుంటే మళ్లీ స్టార్ట్ చేయకండి, రికవరీ బండిని పిలవండి. మంట కనిపిస్తే సివిల్ డిఫెన్స్ నంబరు 997.