ఫ్రెంచివారి మూల



మన యూళ్లలో నొక కుటుంబమువారి పూర్వోత్తరములు తెలిసికొనవలెనన్న మొదట ఇంటిపేరు నడుగుదుము. ఇంటిపేరు చాలవరకు ఒక గ్రామనామమే యగును. ఆ గ్రామము విడిచి యెన్ని తరములైనను, ఆ కుటుంబమున నొక్కరైనను తిరిగి యా పొలిమేర త్రొక్కకున్నను, పేరు మాత్రము వెంట వచ్చుచునే యుండును. ఈ సంగతి మనసున నుంచుకొని నేడు నాతోగూడ సముద్రమున కావల, దక్షిణాఫ్రికాలోని యొక చిన్న పట్టణమునకు రండు.

దాని పేరు ఫ్రాన్స్‌హూక్. డచ్చిభాషలో దీనికి ఫ్రెంచివారి మూల యని యర్థము. కేప్‌టౌన్ నగరమునకు తూర్పుగా, కొండలు చుట్టుకొన్న లోయలో నున్నది. చుట్టును ద్రాక్షతోటలు. వైన్ అను ద్రాక్షాసవమువలననే ఆ యూరికి పేరు వచ్చినది. ఫ్రెంచివారు రాకమునుపు ఆ లోయను ఏనుగుల మూల యనుచుండిరి. ఏనుగుల మందలు కొండలు దాటి యచ్చటికి దిగుచుండెడివట. అంతకు పూర్వమునుండియు కోయికోయి అను జాతివారు ఆవులను గొర్రెలను మేపుకొనుచు ఆ ప్రాంతమున తిరుగుచుండిరి. వారి మేతభూములు తోటలైనవి. 1713లో ఓడలమీద వచ్చిన మశూచికము వారిలో పెక్కుమందిని పొట్టన బెట్టుకొన్నది. ఆ యూరి చరిత్ర చెప్పువారు ఫ్రెంచివారితో మొదలుపెట్టుట పరిపాటి గనుక ఈ రెండు మాటలు ముందుగా జెప్పితిని.

ఇక ఫ్రెంచివా రచ్చటి కేల వచ్చిరి? 1598లో నాల్గవ హెన్రీ రాజు నాంత్ శాసనముద్వారా ప్రొటెస్టెంటు మతస్థులకు కొంత స్వేచ్ఛ నిచ్చెను. 1685లో అతని మనుమడు పదునాల్గవ లూయీ దానిని రద్దుపరచెను. గుళ్లు పడగొట్టిరి, బిడ్డలను లాగికొనిరి, దేశము విడుచుట నేరమనిరి. అయినను లక్షకు పైబడి జనులు దొంగదారుల సరిహద్దులు దాటిపోయిరి. వీరినే హ్యూగెనో లందురు. హాలండులో తలదాచుకొన్నవారిలో కొందరికి డచ్చి ఈస్టిండియా కంపెనీవారు కేప్‌నకు ఉచితముగా ఓడప్రయాణము, అచ్చట భూమి, అప్పుపై పనిముట్లును ఇచ్చెదమనిరి. ద్రాక్ష సాగు, సారాయి కాచుట తెలిసినవారు కావలెనని కంపెనీ కోరిక. కాని ప్రాణభయముతో బయలుదేరినవారిలో తోటమాలు లెందరుందురు? 1688, 1689 సంవత్సరములలో సుమారు రెండువందలమంది చేరిరి. వారిలో పెక్కురు ద్రాక్షపని అచ్చటికి బోయి నేర్చినవారే.

1694 ప్రాంతమునుండి ఏనుగుల మూలలో వారికి తోటభూములు పంచియిచ్చిరి. ఒక్కొక్క భాగము సాధారణముగా 60 మోర్గెనులు, అనగా మన లెక్కన 125 ఎకరములకు కొంచె మెక్కువ. ఆ భూములకు వారు పెట్టుకొన్న పేర్లు వినుడు: లా మోత్, కాబ్రియేర్, లా ప్రోవాన్స్, బూర్గోన్, షాంపాన్. ఇవి యన్నియు ఫ్రాన్సులోని యూళ్ల పేర్లు, సీమల పేర్లు. పియేర్ జూర్దాన్ అను నతడు తన భూమికి కాబ్రియేర్ అని పేరిడెను. అది ప్రోవాన్స్ సీమలో అతడు విడిచివచ్చిన యూరు. తిరిగి పోవ వీలులేని యూరిని పొలముమీద వ్రాసికొనిరి. మనవారు గ్రామనామమును మనిషికి తగిలింతురు, వారు పొలమునకు తగిలించిరి, భేద మంతియే.

గవర్నరు సైమన్ వాన్ డెర్ స్టెల్‌నకు ఇదియంతయు రుచింపలేదు. ఫ్రెంచివా రొక్కచోట గుమిగూడిన ప్రత్యేకజాతిగా నిలిచిపోదురని యతడు వారి భూములను డచ్చివారి భూముల నడుమ చెదరగొట్టెను. వారి పాదిరి పియేర్ సిమోన్ ప్రత్యేకముగా దేవాలయసంఘము కావలెనని యడుగగా మొదట చీవాట్లు పెట్టెను. 1691లో గాని యనుమతి రాలేదు. ఆ పాదిరి 1702లో వెడలిపోయెను. పిమ్మట బడిలో ఫ్రెంచిభాష చెప్పనక్కరలేదని కంపెనీ యాజ్ఞ. లకాయ్ అను ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు 1751లో నక్షత్రములను పరిశీలించుటకై కేప్‌నకు వచ్చి రెండేండ్లుండెను. నలువది యేండ్లకు లోపు వయస్సుగలవారిలో ఫ్రెంచి మాటలాడగలవారు దాదాపు లేరని యతడు వ్రాసెను. బడి మూసినయెడల భాష చచ్చుటకు రెండు తరములు చాలును.

భాష పోయినది కాని పేర్లు పోలేదు. నోటబడి మాత్రము నలిగినవి. పినార్ అనునది పీనార్ అయినది. క్రోనియే అనునది క్రోన్యే అయినది. జూర్దాన్ యోర్దాన్ అయినది. ల్ క్లెర్ అనునది డ క్లెర్క్ అయినది. 1989 నుండి 1994 వరకు దక్షిణాఫ్రికాకు అధ్యక్షుడుగా నుండి, మండేలాగారితో గూడ నోబెల్ శాంతిబహుమానము నందిన డ క్లెర్క్ ఆ యింటివాడే. డ విలియే సోదరులు పియేర్, అబ్రహాము, జాక్ అను ముగ్గురు 1689లో లా రోషెల్ ప్రాంతమునుండి వచ్చి బూర్గోన్, షాంపాన్, లా బ్రీ అను మూడు తోటలను సాగుచేసిరి. వారి సంతతి నేడు వేలకొలది.

ఆ సంతతిలోని క్రిస్టోఫెల్ కుట్సే డ విలియే అను నతడే కేప్ కుటుంబముల వంశవృక్షములను కూర్చెను. చర్చి పుస్తకములలోని జ్ఞానస్నానముల పట్టికలను, వివాహముల పట్టికలను త్రవ్వి త్రవ్వి వ్రాసికొనుచు, ముద్రణ చూడకయే 1887లో మరణించెను. గ్రంథము 1893, 94 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడినది. 1966లో పామా యనునతడు దానిని సవరించి పెంచెను. వంశము లెక్కించుటకు వారొక చక్కని గుర్తు పెట్టిరి. మూలపురుషునికి అ అను నక్షరము, అతని బిడ్డలకు బ, మనుమలకు క, ఇట్లు వారి యక్షరమాల వరుసను తరమునకొక యక్షరము. ఆ తరములో ఎన్నవ బిడ్డయో ప్రక్కన అంకె. ఇట్లు రెండు మూడు గుర్తులు చూచినంతనే మనిషి యే కొమ్మవాడో తెలియును. మన భట్రాజులు నోట నిలిపినదానిని వారు గుర్తులలో నిలిపిరి. వంశావళి వ్రాయగోరు మనవారికిని ఈ పద్ధతి యనుకూలమని నా యభిప్రాయము.

ఇంతవరకు చెప్పినది తోటల యజమానుల వంశావళి. మరి గోతులు త్రవ్వినవారెవరు? తీగలు నాటి, గంపలు మోసి, తొట్లలో పండ్లను కాళ్లతో త్రొక్కినవారెవరు?

1652లో కేప్‌నకు వచ్చిన కంపెనీవారు కొలది యేండ్లకే బానిసలను దిగుమతి చేయసాగిరి. ఆ దిగుమతి 1808లో ఆగువరకు వచ్చినవారు సుమారు 63,000 మందియని లెక్కించిరి. వారిలో ఇంచుమించు నాల్గవవంతు హిందూదేశమునుండి తీసికొనిపోబడినవారు. తక్కినవారు తూర్పుదీవులు, మడగాస్కరు, ఆఫ్రికా తూర్పుతీరమువారు. పదునెనిమిదవ శతాబ్దమున ద్రాక్ష పండించు ఇండ్లలో బానిసలు లేని యిల్లు అరుదు.

ఈ బానిసలకు తండ్రి పేరు వ్రాయలేదు, ఇంటిపేరు వ్రాయలేదు. యజమాని తనకు తోచిన పేరు పెట్టెడివాడు. ఫిబ్రవరి, ఏప్రిలు, సెప్టెంబరు అని నెలల పేర్లు కొన్ని. క్యూపిడో, టైటస్, సిపియో అని పురాతన రోమకుల పేర్లు కొన్ని. ఆ పేరునకు వెనుక 'వాన్' అని చేర్చి, కొన్న చోటు వ్రాసెడివారు. వాన్ బెంగాల, వాన్ మలబార్, వాన్ డె కుస్ట్ అని. కేప్‌లోనే పుట్టినవారికి వాన్ డె కాబ్ అని. ఇందు 'కుస్ట్' అనగా తీరము. తీరమనగా నేది? కంపెనీవారి వాడుకలో తీర మన్న మాటకు చాలవరకు చోళమండల తీరమనియే యర్థము. నాగపట్టణము, పులికాటు మొదలుకొని మచిలీపట్టణము, భీమునిపట్టణము వరకు. లోపలి ప్రక్క పాలకొల్లు, ద్రాక్షారామములందును వారి కొఠారు లుండెను. (ద్రాక్షారామమున ద్రాక్షతోట లేదని, అది దక్షునిపేర వెలసిన స్థలమని మీకు తెలియును. ఆ పేరుగల యూరిలో కొఠారు నడపిన కంపెనీయే కేప్‌లో ద్రాక్ష నాటించుట వింత.)

ఇక నొక సంవత్సరమును జ్ఞాపకముంచుకొనుడు: 1688. ఫ్రెంచివారు మతముకొరకు ఓడలెక్కి కేప్‌లో దిగిన సంవత్సర మది. అంతకు ముందటి యేడు గోలకొండ ఔరంగజేబునకు వశమయ్యెను. మొగలుసేనలు కర్ణాటకములోనికి దిగుచుండెను, పంటలు చెడెను. ఆ 1688లోనే మన తూర్పుతీరమున ఆకలికి తాళలేక తమ్మును, తమ బిడ్డలను అమ్ముకొన్నవారు వేలకొలది. వారిలో నెక్కువమంది తూర్పుదీవుల దిక్కునకు పోయిరి. కరవు వచ్చినప్పుడెల్ల ఈ రేవులలో మనుష్యులు చవుకయగుచుండిరి. ఆ చవుక యందు కొనబడినవారే 'తీరమువారు' అన్న పేర కేప్ అమ్మకపు కాగితములలో కనబడుదురు. ఫ్రెంచివాడు తన యూరి పేరు తన చేత పొలముమీద వ్రాసికొన్నాడు. మనవాని తీరము పేరు వానిమీద మరియొకడు, ఆస్తి పట్టికలో, ఎద్దులకు పీపాలకు నడుమ వ్రాసినాడు.

అయినను రక్తము పట్టికలు చూచి ప్రవహింపదు. 1657లో బంగాళమునుండి కేప్ చేరిన ఏంజెలా యను బానిసస్త్రీకి 1666లో స్వేచ్ఛ లభించెను. 1669లో ఆమె బాసన్ అను డచ్చివానిని వివాహమాడెను. బాసన్ కుటుంబమువారికి ఆమె మూలమాత. ఆమె పూర్వపు కుమార్తె అన్నా, ఓలఫ్ బెర్గ్ అను స్వీడనువాని భార్య. బెర్గ్ 1716లో కాన్‌స్టాన్షియా యను ద్రాక్షతోటను కొనెను; మన కథలోని గవర్నరు వాన్ డెర్ స్టెల్ నిర్మించినది, కేప్‌లో దానికి మించిన పేరుగల తోట లేదు. 1724లో భర్త మరణింపగా ఆ తోట అన్నాకు దక్కెను. బానిసగా పుట్టిన స్త్రీ గవర్నరుగారి మేడలో యజమానురాలైనది.

ఇట్టి సంగతులు తరువాతి తరములవారికి మింగుడుపడలేదు. 1950లో దక్షిణాఫ్రికా ప్రభుత్వము ప్రజలనెల్ల జాతులుగా విభజించి చిట్టాలలో నెక్కించు చట్టము చేసెను; అది 1991 వరకు నడచినది. ఏ చిట్టాలో నున్నవాడు ఏ వీధిలో నుండవలెనో, ఎవరిని పెండ్లాడవలెనో చట్టములే నిర్ణయించెను. అట్టి దినములలో ముత్తవ్వ 'వాన్ బెంగాల' యని కనబడుట అపాయకరము. 1984లో హేసే యను చరిత్రకారుడు పాత చర్చిపుస్తకములనుండి మిశ్రవివాహముల పట్టిక ప్రకటించెను. శుద్ధరక్తమని మీసము దువ్విన యిండ్లవారు తమ పేర్లనే అందు చూచికొనవలసివచ్చినది. తమ వంశపుస్తకమును మడిచి దాచిన కుటుంబములు మన దేశమునను లేకపోలేదు, నేనెరుగుదును.

1834 డిసెంబరు 1వ తేదీన కేప్‌లో బానిసత్వము చట్టరీత్యా రద్దయినది. నాటికి అచ్చటి బానిసలు 35,000కు పైబడియుండిరి. కాని 'శిక్షణ' అను మిషమీద మరి నాలుగేండ్లు పాత యజమానులయొద్దనే పనిచేయవలసివచ్చినది. 1838లో విడుదలైనవారిలో చాలమంది ఆ లోయ తోటలలోనే కూలీలైరి. కూలిలో కొంత సొమ్ముగా, కొంత దినమునకిన్ని గ్లాసుల వైనుగా నిచ్చు దురాచారము చట్టము నిషేధించిన పిమ్మటగూడ చాటుగా సాగినది. దాని ఫలము తాగినవారితో పోలేదు, కడుపులోని శిశువులకును తగిలినది. ఆ తోటలలోని తీగలు మాత్రము పాతవి కావు. 1886లో ఫిలాక్సెరా యను పురుగు కేప్ తోటల వ్రేళ్లకు పట్టి చాలవరకు నాశనము చేసెను. పిమ్మట అమెరికా దేశపు మొదళ్లపై అంటుగట్టి క్రొత్తగా వేసిరి.

ఫ్రాన్స్‌హూక్‌లో హ్యూగెనోల జ్ఞాపకార్థము కట్టిన స్తంభము 1948లో ఆవిష్కృతమైనది. మూడు తోరణములు, ముందట చేత గ్రంథము, తెగిన సంకెల పట్టిన యొక స్త్రీ విగ్రహము. సంకెల మతనిర్బంధమునకు గుర్తు. ఆ తోటలలో వేరు సంకెలలతో పనిచేసినవారికి చిరకాల మే రాయియు లేదు. అదే లోయలో, పట్టణమునకు కొంతదూరమున, డెల్టా యను 1690 నాటి తోట కలదు. అచ్చట 2005లో ఒక ప్రదర్శనశాల తెరచిరి. దానికి 'వాన్ డె కాబ్' అనియే పేరిడిరి. పట్టికలు వెదకి ఆ తోటలో పనిచేసిన బానిసల పేర్లు దొరికినంతవరకు ఏరి, ఒక్కొక్క పేరును ఒక్కొక్క నల్లరాతిపలకపై చెక్కి గోడకు నిలిపిరి.

కేప్ ప్రాంతపు బడుల హాజరుపట్టీలలో ఫిబ్రవరి, సెప్టెంబరు అను ఇంటిపేర్లు నేటికిని కనబడును.